బొంగులూరు సర్వీస్ రోడ్డు మీదే మా తమ్ముడి పరుగు

ఇబ్రహీంపట్నం రెవెన్యూ డివిజనల్ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మరణించిన మా తమ్ముడు వినోద్ కుమార్ పేరిట వచ్చే నెల మొదటి ఆదివారం తలపెట్టిన సహాయ పరుగును బొంగులూరు సర్వీస్ రోడ్డు మీదనే జరుపుకొనుటకు అనుమతి కోరుట గురించి.

బొంగులూరు నివాసులైన జానయ్య, నీలమ్మల కూతురు మనోజ అను నేను సవినయంగా మనవి చేయునది:

1. మా తమ్ముడు కానిస్టేబుల్ సెలక్షన్ కోసం రోజూ తెల్లవారకముందే సర్వీస్ రోడ్డు మీద పరుగు తీసేవాడు. మా ఊరి పిల్లలకు గ్రౌండ్ లేదు. పదహారు వందల మీటర్లు కొలిచి, రెండు చివర్లా సున్నంతో గీతలు గీసి, వాటి మధ్య ఉరుకుతారు. నిరుడు చలికాలంలో ఒకరోజు వాడు మొదటి గీత దగ్గర బయలుదేరాడు, రెండో గీత చేరలేదు. వెనక నుంచి గుద్దిపోయిన బండిని ‘గుర్తు తెలియని వాహనం’ అని పోలీసులు రాశారు. ఇప్పటికీ అలాగే ఉంది.

2. ఆ గీతల మధ్యే పరుగు పెట్టి, వచ్చిన విరాళాలతో చీకట్లో ఉరికే పిల్లలకు లైటు పడితే మెరిసే జాకెట్లు కొనాలని సంకల్పించాము. అనుమతి కోసం ఒక కార్యాలయానికి వెళ్లాను. దాని పేరు రాయడం లేదు. రాస్తే ‘తగు చర్య నిమిత్తం’ అని ఈ అర్జీని అక్కడికే పంపుతారు. అక్కడి గుమాస్తా నన్ను విచారించిన తీరు ఇది:

“ఎవరున్నరమ్మా నీ ఎనక?”

“ఎవ్వరు లేరు సార్. మా తమ్ముని కోసం.”

“తమ్ముడు ఏ పార్టీ?”

“సచ్చిపోయిండు సార్.”

“గది సరే. ఏ పార్టీల ఉండె?”

3. తర్వాతి వారం రోడ్డు పక్క ప్లాట్ల వెంచర్ మేనేజర్ రాజశేఖర్ స్వీటు డబ్బాతో, ఒక మూట టీషర్టులతో మా ఇంటికి వచ్చాడు. మా బాపు జానయ్య ఆ వెంచర్‌లోనే వాచ్‌మన్. “ఖర్చంత మాదే చెల్లె, ఫికర్ జెయ్యకు. జర రావిర్యాల దిక్కు పెట్టుకోండ్రి, గీ రోడ్డు మంచిది గాదు” అన్నాడు. టీషర్టు వెనక రావిర్యాల దారి పటం అచ్చువేసి ఉంది. కొన్నాళ్లకు కార్యాలయం నుంచి కాగితం వచ్చింది. భద్రతా కారణాల రీత్యా బొంగులూరు దారి నిరాకరించడమైనది, ప్రత్యామ్నాయ దారి సూచించడమైనది. మలుపు మలుపుకూ టీషర్టు మీద ఉన్న దారే. కార్యాలయం నిర్ణయించక ముందే అది రాజశేఖర్‌కు ఎలా తెలిసింది?

4. వెంచర్ టిప్పర్లు పిల్లలు ఉరికే వేళకే ఆ రోడ్డు మీద మట్టి తోలేవి. వాటిలో ఒకటి మా తమ్ముడు చనిపోయిన వారం నుంచి కనబడలేదని వాడితో ఉరికిన పిల్లలు చెబుతున్నారు. ఆ రోడ్డు మీద నలుగురు నిలబడి మాట్లాడుకుంటే ఎవరికి నష్టమో విచారించవలెను.

5. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు. నా అనుమానం మా ఇంటి గడప దాటి లోపలికి కూడా వచ్చింది. “యాడ ఉరికితే ఏంది బిడ్డా, ఒప్పుకో” అంటున్నాడు బాపు. తమ్ముడి మాట ఎత్తితే లేచి బయటికి పోతాడు. మా ఇంట్లో చదువుకున్న మొదటిదాన్ని నేనే. వచ్చిన ప్రతి కాగితం నేనే చదివి చెబుతాను. అయినా నాకు తెలియనిదేదో ఆయనకు తెలుసు.

కావున పరుగుకు ఆ రోడ్డునే అనుమతించి, కేసును తిరిగి విచారింపజేయగలరు. ఈ అర్జీని ఏ కార్యాలయానికీ పంపక తమరే స్వయంగా చిత్తగించవలెను.

ఇంకెవరినీ నమ్మలేక తమకు రాసుకున్న విధేయురాలు,
మనోజ

తా.క.: పోస్టు చేసే ముందు దీన్ని ఇంట్లో చదివి వినిపించాను. ఐదోది వదిలేద్దామనుకున్నాను, కానీ చదివాను. కొట్టేయనా అని అడిగితే బాపు వద్దన్నాడు.

“కొట్టెయ్యకు. ఇంక రాయి. ఆ పొద్దు టిప్పర్ టైర్లు కడుగుమన్నడు రాజశేఖర్. కింద కుక్క పడ్డదన్నడు. కడిగిన. కడిగినంక ఫోనొచ్చింది, పోయింది మనోడని.”

“ఎందుకు చెప్పలే బాపు?”

“ఏమని చెప్పాలె బిడ్డా? నా చేతులతోనే కడిగితి.”

అమ్మ లేచి పోయి ఆయన పక్కన కూర్చుంది.

బాపు రెండో అర్జీదారుగా వేలిముద్ర వేశాడు. పరుగులో తన పేరు కూడా రాయమన్నాడు, రాశాను. ఆయన మోకాళ్లు మంచిగా లేవు, నడిచే రావాలి. అందరికన్నా వెనక వస్తాడు. ఆయన వచ్చేదాకా ఆ రోడ్డు మీదికి బండ్లు వదలవద్దని మనవి.