మిద్దె మీద నుంచి చూసిన సముద్రం

కొత్తకండ్రిగ, తిరుత్తణి తాలూకా
ఫిబ్రవరి 3

చిరంజీవి మేనల్లుడు మహేంద్రకు మామ వాసుదేవ దీవించి రాసేది.

ఫోనులో నువ్వు చెప్పేది నా చెవికి ఎక్కదు కనుక ఉత్తరం రాస్తున్నాను. మాసి మగం పండుగ నాడు మన వీధివాళ్ళం తొమ్మిది మంది వ్యాను మాట్లాడుకుని మింజూరుకు, మీ ఇంటికి వస్తున్నాం. సముద్రస్నానం చేసి, మీ ఇంట్లో బట్టలు మార్చుకుని, పులిహోర తిని బయలుదేరతాం. గృహప్రవేశం నాడు మీ మిద్దె మీద నుంచి చూసిన సముద్రం సంగతి చెప్పినప్పటి నుంచి పక్కింటి వజ్రమ్మ నన్ను నిలవనీయడం లేదు. "అంత దగ్గర పెట్టుకోని మమ్మల్ని ఒకసారైనా పిలిచినాడా వాడు?" అంటుంది.

ఇట్లు,
మామ

తా.క.: పులిహోర మేమే తెస్తాం. మీ ఆవిడ మనీషాను అప్పడాలు మాత్రం వేయించమను.

మింజూరు
ఫిబ్రవరి 7

మామకు మహేంద్ర నమస్కారాలు.

మీరు రావడం సంతోషమే. కానీ మా లేఔటులో కాలువ కోసం రోడ్డు తవ్వారు, వ్యాను రాదు. కుళాయి రోజు మార్చి రోజు వస్తుంది. పైగా ఈ నెల అలలు పెద్దవి, పెద్దవాళ్ళకు మంచిది కాదు. వచ్చే ఏడు చూద్దాం.

మీ
మహేంద్ర

తా.క.: తొమ్మిది మంది వస్తే మా ఇంట్లో చెప్పులు విడిచే చోటు కూడా చాలదు.

కొత్తకండ్రిగ
ఫిబ్రవరి 11

చిరంజీవి మహేంద్రకు మామ ఆశీస్సులు.

నీ సన్న అక్షరాలు నా కళ్ళకు ఆనవు కనుక ఉత్తరం వజ్రమ్మే అందరి ముందూ చదివింది. రోడ్డు లేకపోతే దిగి నడుస్తాం. నీళ్ళు రెండు డ్రమ్ములు తెస్తాం. అలలు పెద్దవని విన్నాక ఇంకో పదముగ్గురు చేరారు. ఇప్పుడు ఇరవై రెండు మందిమి.

నాకు ఒకటే అనుమానం. మా పంచెలూ మా మాటా చూసి మీ వీధివాళ్ళు నవ్వుతారని నీకు సిగ్గా? అదైతే అదే రాయి. ఇంకెప్పుడూ రాము.

ఇట్లు,
మామ

తా.క.: "పిల్లోడు సముద్రాన్ని ఎవురికీ చూపీకుండా దాచిపెట్టుకోని వుండాడా?" అని వజ్రమ్మ అడుగుతోంది.

మింజూరు
ఫిబ్రవరి 15

మామకు మహేంద్ర నమస్కారాలు.

సిగ్గు నిజమే. మీ వల్ల కాదు, నా వల్ల. మా ఇంటి దగ్గర సముద్రం లేదు. సముద్రం చూడను పళవేర్కాడు పోవాలంటే మేం కూడా పొన్నేరిలో బస్సు మారాలి. మీరు మిద్దె మీద నుంచి చూసింది రొయ్యల గుంట. తెల్లగా ఎగిరింది అల కాదు, గుంటలో నీళ్ళు చిలికే చక్రాల నురగ. "అదేనా సముద్రం?" అని మీరు అడిగారు. మణవాళనగర్‌లో అద్దెకున్నన్నాళ్ళూ "మహేంద్రకు సొంత ఇల్లు యాడ?" అన్నవాళ్ళంతా పక్కనే నిలబడి ఉన్నారు. నేను "ఊఁ" అన్నాను. పట్నం దగ్గర కొనలేక ఇంత దూరం వచ్చాను మామా. ఆ గుంట కూడా మాది కాదు.

"తాతకు అబద్ధం చెప్పినావా నాన్నా?" అని ఏడేళ్ళ మా చందన అడిగింది. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మీ
మహేంద్ర

తా.క.: ఈ ఉత్తరం మీరొక్కరే చదువుకోండి. వజ్రమ్మ పెద్దమ్మకు ఇవ్వకండి.

కొత్తకండ్రిగ
ఫిబ్రవరి 20

చిరంజీవి మహేంద్రకు మామ రాసేది.

ఎవరికీ ఇవ్వవద్దన్న మాట ఉత్తరం చివర రాశావు. వజ్రమ్మ మొదటి నుంచి చదివింది.

అందరూ నిన్ను తిడతారనుకున్నాను. ఒక్కరూ తిట్టలేదు. అందరూ నా వైపు తిరిగారు. గృహప్రవేశం నుంచి వచ్చి, ఆ సముద్రంలో మూడు మునకలు వేశానని ఊళ్ళో చెప్పాను. అల నన్ను పడదోసిందని, ఒక జాలరి చెయ్యి పట్టి లేపాడని కూడా చెప్పాను. అంత చెప్పే అవసరం లేదు. వాళ్ళు నోరు తెరుచుకుని వింటుంటే వచ్చేసింది.

వజ్రమ్మ కళ్ళద్దాలు తీసి, "ఏం అన్నా, నిన్ను లేపింది జాలరా, రొయ్యా?" అంది. రెండు రోజులుగా నేను వీధిలోకి పోలేదు.

వ్యాను మాత్రం వద్దనలేదు. పళవేర్కాడులో స్నానం చేసి, మధ్యాహ్నానికి మీ ఇంటికి వస్తారు. మన ఇద్దరి సముద్రం చూడాలట. నన్ను డ్రైవరు పక్కన కూర్చోబెడతారట, దారి తెలిసినవాణ్ణని. నువ్వు సెలవు పెట్టి ఇంట్లో ఉండు. వాళ్ళకు నేనొక్కడినే దొరకలేను.

ఇట్లు,
మామ

తా.క.: మన వీధి సరసమ్మ మనిద్దరికీ రెండు తువ్వాళ్ళు విడిగా మూట కట్టింది. గుంట లోతు ఎంతో కనుక్కుని వెంటనే రాయి.