బ్రేకు మీద కాలు

తమ్ముడికి,

రెండు రోజులుగా ఇక్కడ ముసురు. పొద్దున్నే మన రిపేరు షెడ్డులో నీళ్ళు తోడిపోశాం. నువ్వు గోడకు గుద్దిన పాలవ్యానును మీ బావ పొడిగా ఉన్న మూలకు జరిపాడు.

నువ్వు నిద్రపోయావని ఓనరంటాడు. నీకేమో ఏదీ గుర్తులేదు. అంతమాత్రానికే పిన్ని ఇంట్లో దాక్కుని, ఇక స్టీరింగు పట్టనంటే ఎలారా?

ఎయిర్‌బ్యాగు తెరుచుకున్నప్పుడు, అంతకుముందు కొన్ని సెకన్లు బండి ఎంత వేగంతో పోయిందో, డ్రైవరు ఏం తొక్కాడో లోపలి పెట్టెలో నిలిచిపోతుందట. మీ బావ బ్యాటరీ విప్పేశాడని తెలిసి, అంతా చెరిగిపోయిందని నేను లబోదిబోమన్నాను.

"కరెంటు తీస్తే మరిచిపోవడానికి అదేమన్నా నువ్వా? దుకాణానికి పోయేలోపే ఉప్పు సంగతి మరిచిపోతావు!" అన్నాడు.

ఇవాళ వ్యాను కంపెనీ మనిషి ఓనరు ఎదురుగానే ఆ పెట్టెకు లాప్‌టాప్ తగిలించి చూశాడు. గుద్దకముందే నీ కాలు బ్రేకు మీద ఉంది. స్టీరింగు కూడా పక్కకు తిప్పావు. వేగమే తగ్గలేదు. మీ బావ చక్రం విప్పితే బ్రేకు ఆయిలు గొట్టం చిట్లి కనిపించింది. నిద్రపోయినవాడు బ్రేకు తొక్కడురా. ఇక వచ్చెయ్.

డిపోలో ఉన్న నీ బట్టల సంచి మాకు అప్పగించి పోదామని ఓనరు తెచ్చాడు. అంతా విన్నాక, "డిపోలోనే ఉండనీలే అమ్మా, డ్యూటీకొస్తే వాడికి కావాలిగా" అన్నాడు. సంచి పట్టుకుని, మధ్యాహ్నం వాన తెరిపిచ్చాక వెళ్ళిపోయాడు.

అక్క