ఉల్లిపొరంత రంగు

బావగారికి, నమస్కారం.

షాక్ కొట్టి పడ్డప్పుడు వేసిన చేతికట్టు ఇంకా విప్పలేదని అక్క చెప్పింది. మీరు రంగు వేసిన ఆ ట్రాన్స్‌ఫార్మర్ మీ మీద పగబట్టిందని, ఇక ఫ్యాక్టరీ గడప తొక్కనని అంటున్నారట. కారణం దొరికింది, వినండి.

నేనూ మా మేస్త్రీ ముందు ఎర్త్ గుంటనే అనుమానించి బిందెలకొద్దీ నీళ్లు పోశాం. గుంట బాగానే ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ ఇనప ట్యాంకుని నేలకి కలిపే ఎర్త్ పట్టీలూ గట్టిగానే బిగించి ఉన్నాయి. కరెంటు ఆపి విప్పి చూస్తే, పట్టీల కింద కూడా నిగనిగలాడుతూ మీ రంగు. తుప్పు పట్టకూడదని విప్పి మరీ పూశారు కదా. మీ పనికి వంక పెట్టలేం, అదే కొంప ముంచింది. రంగు కరెంటుని దాటనివ్వదు. నేలలోకి పోవాల్సింది మీ చేతిలోకొచ్చింది.

ఇనుము తేలేదాకా గోకి బిగించాం. కరెంటు ఇచ్చి, మీటరు సున్నా చూపించాకే చెయ్యి ఆనించాను. ఊళ్లు వెలిగించే శక్తి లోపల తిరుగుతోంది. నా చేతికి మాత్రం పిల్లి గురగురలాడినంత వణుకే. మేస్త్రీ పిలిచేదాకా చెయ్యి తియ్యబుద్ధి కాలేదు.

మీరొచ్చి మిగతాదంతా పూయండి. పట్టీ కింద అరచేతంత చోటు వదిలెయ్యండి. తుప్పు సంగతి నేను చూసుకుంటాను. ట్రాన్స్‌ఫార్మర్ నేలని ముట్టుకునేది అక్కడే.

మీ మరదలు