బట్టల బండ దగ్గర వంపు

పార్వతీ,

నీ బట్టల బండని తప్పించి, పెరట్లో మిగిలిన కాస్త చోటులోనే బొమ్మ రైలుకి పట్టాలు వేశాను కదా. వంపు మరీ ఇరుకై పెట్టెలు అక్కడే ఒరిగిపోయేవి.

నీ సంవత్సరీకానికి వచ్చిన మా అక్క నిన్న, "ఒరే, దాని మీద ఇంకెవులు ఉతుకుతార్రా? తీసీ" అంది. ఇద్దరం గునపాలతో లేపి గోడ వారకి దొర్లించాం. వంపు పెద్దది చేశాను. పది చుట్లు తిరిగినా ఒక్క పెట్టె కూడా ఒరగలేదు.

"సూడు, ఎంత బాగెల్తన్నాదో!" అని అక్క మురిసిపోయింది.

ఒరిగినప్పుడల్లా నువ్వు సబ్బు చేత్తోనే పెట్టెల్ని నిలబెట్టి, "నీ రైలు మళ్లీ తాగొచ్చినాది మావా" అనేదానివి.

ఈ ఉదయం అక్క బస్సెక్కాక బండని తిరిగి దాని చోటికి తేబోయాను. ఒక్కడి వల్ల కాలేదు. సగం దారిలో, పట్టాల మీదే ఆగిపోయింది. దాని మీదే కూర్చుని రాస్తున్నాను.