మేనల్లుడి రివర్సు గేరు

చిట్యాల
5 డిసెంబరు 1988

పూజ్యులైన జానయ్య మామకు మేనల్లుడు బీరన్న నమస్కారాలు.

నేను క్షేమం, లారీ క్షేమం. సిమెంటు కంపెనీ ట్రైనింగులో చేరి స్టీరింగు పట్టుకున్నాను. మా ఉస్తాద్ పీర్ మహమ్మద్ గారి పద్ధతే వేరు. కొత్తవాళ్ళకు మొదట రివర్సే నేర్పుతాడు. "ముందుకు ఎవడైనా తోల్తడు. లారీని ఎనక్కి తెచ్చి గోదాము అరుగుకు ఆనిచ్చెటోడే డ్రైవరు" అంటాడు. కాబట్టి పొద్దున్నించి వెనక్కే పోతున్నాను. నేను పోయినంత దూరం ఉస్తాద్ మళ్ళీ ముందుకు తెస్తాడు. ముందుకు తోలడం జాన్‌పహాడ్ దర్గా ఉర్సు దాటాక నేర్పుతాడట. డ్రైవరునైతేనే సైదమ్మను ఇస్తానన్నారు కదా, అయి తీరుతాను. ఫికర్ చేయకండి.

మీ బీరన్న

తా.క.: మెడ కుడివైపే ఉండిపోయింది. అన్నం తింటుంటే పక్కవాడి పళ్ళెం కనిపిస్తోంది గానీ నాది కనిపించడం లేదు.


హాలియా పోస్టు
15 డిసెంబరు

అల్లుడు బీరన్నకు జానయ్య మామ దీవెనలు.

నాకు అక్షరం ముక్క రాదని నీకెరికే. నేను చెప్తాంటే సైదమ్మ రాస్తాంది. నీ ఉత్తరం గూడ ఆమెనే చదివి ఇనిపిచ్చింది. విజయవాడ రోడ్డు మీద బస్సులను దాటేసుకుంట పోతున్నవట గదా! మస్తు సంబురమైంది. ఇగ ఇను. జాన్‌పహాడ్ ఉర్సుకు ఊరంతా పోవాలె. పోయినేడు కిరాయి లారీవోడు కాల్వకట్ట మీదికి రానంటే రాననె. ఊళ్ళె బండి మలుపుకునే జాగా లేదట. ముసలోళ్ళు మెయిన్ రోడ్డు దాంక నడిచి సచ్చిండ్రు. ఈయేడు నా అల్లుడు నా ఇంటి ముంగటికే లారీ తెస్తడని గుర్వయ్యకు చెప్పిన. కొడుక్కు ట్రాక్టరున్నదని, సైదమ్మను ఇయ్యుమని ఆయన నా పానం తీస్తాండు.

మీ మామ జానయ్య

తా.క. (ఇది బాపు చెప్పింది కాదు): బావా, ఆపకుండా వెనక్కి ఎంత దూరం పోగలవు? – సైదమ్మ


చిట్యాల
27 డిసెంబరు

జానయ్య మామకు బీరన్న నమస్కరించి కంగారుగా రాస్తున్నది.

బస్సుల సంగతి మీకెవరు చెప్పారు? నేను దాటింది ఒక్క సైకిలును, అదీ వెనక్కి పోతూ. నా ఉత్తరం మళ్ళీ చదివించుకోండి. నాకు రివర్సు తప్ప ఇంకేమీ రాదు. ఉర్సుకు కంపెనీ ఏటా ఒక లారీ ఇస్తుంది, ఈసారి మన ఊరికి అడుగుతానని ఉస్తాద్ అన్నాడు, నిజమే. కానీ ముందుకు తోలడం రానివాణ్ణి, ఊళ్ళోకి ఏ ముఖం పెట్టుకొని రాను? పైగా సైదమ్మ కూడా వెక్కిరిస్తోంది. ఎంత దూరమో ఆమెకు చెప్పండి. యార్డు నుంచి లారీల కాటా దాకా మైలు. ఎక్కడా ఆపకుండా, ఎక్కడా తగలకుండా.

మీ బీరన్న

తా.క.: ఒకసారి గోడ తగిలింది. తప్పు గోడదేనని ఎంత చెప్పినా ఉస్తాద్ ఒప్పుకోలేదు.


హాలియా పోస్టు
8 జనవరి 1989

నా బంగారు అల్లునికి దీవెనలు.

నీ ఉత్తరం ఇని కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. లారీ మన ఇంటి ముంగటికే వస్తదని ఉస్తాద్ మాటిచ్చిండట గదా! ఎంటనే ఊళ్ళె డప్పు కొట్టిచ్చిన. గుర్వయ్య నవ్విండు. నాకు రోషం లేసింది. లారీ నా ఇంటి ముంగటికి రాకపోతే సైదమ్మను నీ కొడుక్కే ఇస్త అని నలుగుర్ల చెప్పిన. జాన్‌పహాడ్ సైదులు బాబా మీద ఒట్టు పెట్టిన. గీ మాట రాసేటప్పుడు పిల్ల కలం ఆగింది గని, రాయుమన్న. రాసింది.

మీ మామ జానయ్య

తా.క.: బావా, మెయిన్ రోడ్డు నుంచి మా ఇంటికి కట్ట కూడా మైలే. మలుపులు రెండు. రెండో మలుపు దగ్గర తుమ్మకొమ్మ అడ్డముంటే కొట్టించాను. – సైదమ్మ


చిట్యాల
16 జనవరి

సైదమ్మకు బావ బీరన్న రాస్తున్నది.

మామకు చెప్పి చెప్పి అలిసిపోయాను. నేను రాసేదొకటి, ఆయన వినేదొకటి. కంపెనీ లారీ ఇచ్చింది. మెయిన్ రోడ్డు దాకా ఉస్తాద్ తోలుకొస్తాడు. అక్కడి నుంచి నాకు వచ్చింది ఒక్కటే, అదే చేస్తాను. ఊరంతా నవ్వినా సరే. నువ్వు గుర్వయ్య కోడలివైతే మాత్రం నేను తట్టుకోలేను.

బీరన్న

తా.క.: నవ్వేవాళ్ళను లారీకి ఎడమవైపు నిలబడమను. నా మెడ అటు తిరగదు.


హాలియా పోస్టు
2 ఫిబ్రవరి

బావకు సైదమ్మ తన మాటగా రాస్తున్నది.

నువ్వు దర్గా నుంచి అటే చిట్యాల పోయావు, లారీలో ఉన్నప్పుడు కూడా ఇంజను మోతకు ఇక్కడి మాటలు నీకు వినపడి ఉండవు. కట్ట మీద లారీ వెనుకభాగం కనపడగానే గుర్వయ్య పగలబడి నవ్వాడు. రెండు మలుపులూ దాటి అది మన గుమ్మం ముందు ఆగగానే బాపు అరుగు మీద లేచి నిలబడ్డాడు. "ఏందిరా నవ్వుతాండ్రు? దర్గాల నుంచి మనం బాబాకు ఈపు సూపిస్తమా? ఎనక్కి నడుచుకుంటనే బయటికొస్తం గదా! నా అల్లుడు లారీ మొఖం గూడ దర్గా దిక్కే పెట్టి తెచ్చిండు!" అన్నాడు. అంతే, ముసలమ్మలు బంపరుకు మొక్కారు. పోయేటప్పుడు ఉస్తాద్ స్టీరింగు పట్టుకుంటే, "నా అల్లుడు పెద్దమనిషికి మర్యాద ఇచ్చిండు" అన్నాడు బాపు. మీరు వెళ్ళాక గుర్వయ్య కొడుకు కూడా భక్తి చూపించబోయి ట్రాక్టరును ట్రైలరుతో సహా వెనక్కి తోలాడు. ట్రైలరు ఇంకా కాల్వలోనే ఉంది.

ఇక నిజం చెప్తాను. నీ ఉత్తరాల్లోని రివర్సు ముచ్చట ఒక్కటి కూడా నేను బాపుకు చదవలేదు. బస్సులు నేను పుట్టించినవే, ఉస్తాద్ ఇచ్చిన మాట కూడా నాదే. ఊళ్ళో మలుపుకునే జాగా లేనప్పుడు లారీ లోపలికి రావాలంటే వెనక్కే రావాలని మొదటి ఉత్తరం నాడే తెలిసింది. బాపుకు చెబితే "ఎనక్కి పోయెటోనికి పిల్లనియ్య" అనేవాడు. ఆయన ఒట్టు మాట రాయమన్నప్పుడు మాత్రం కలం ఆపి, కట్ట మలుపులు మళ్ళీ లెక్కపెట్టుకున్నాను. నీ మీద నమ్మకంతోనే రాశాను. పెళ్ళి ఉగాది దాటాక. బాపు ఖాయం చేశాడు.

నీ సైదమ్మ

తా.క.: పెళ్ళిలోపు ముందుకు తోలడం కూడా నేర్చుకో. రాకపోయినా ఫరవాలేదు, ఊరేగింపు కాల్వకట్ట మీదనే.