పడుగు దాటని వాడు

1949 అక్టోబరు 30, ఆదివారం

కాశీ గన్నవరం విమానాశ్రయం నుంచి మధ్యాహ్నం వచ్చాడు. తమ్ముడే గాని, పురిట్లోనే అమ్మ పోతే నేనే పెంచాను. పైలట్ అవుతానంటే కాదనలేకపోయాను.

ఇప్పుడు ఇంజను ఆగితే ఎలా దిగాలో నేర్పుతున్నారట. ఇన్‌స్ట్రక్టర్ బసవపున్నయ్యగారు గాలిలో ఉండగా థ్రాటిల్ మూసేసి ఇంజను జోరు తగ్గించి, ఇంజను పోయిందోయ్, ఎక్కడ దిగుతావు అంటారట. వీడు ఒక చేను చూసుకొని దాని మీదికి జారుతూ రావాలి. నేల దగ్గరపడ్డాక మళ్ళీ ఇంజను పెంచి లేచిపోవాలి. నిజంగా దిగాల్సి వస్తే పండిన వరి చేనే మేలట, పరుపులా పట్టుకుంటుందట.

పైనుంచి చూస్తే మన చేలన్నీ పడుగు పరిచినట్టుంటాయక్కయ్యా అన్నాడు. నేతగాళ్ల పిల్లవాడు మరి.

నవంబరు 6

ఇవాళ పొద్దున కాశీ విమానాన్ని మరీ కిందికి దించాడట. చక్రాలు తగిలి ఒక చేలో బారుగా వరి పడిపోయింది. నవ్వుతూ చెప్పాడు. నాకు ఒళ్లు మండింది. మంగళగిరిలో వీధిలో నూలు పోగులు సాగదీసి పడుగు కట్టి ఉంటే చుట్టు తిరిగి బడికి పోయేవాడివి, ఒకరి కూడు దాటకూడదని నేర్పానే, ఇదా నువ్వు నేర్చుకున్నది అన్నాను.

అప్పటికప్పుడు బస్సెక్కించి ఆ చేను దగ్గరికి తీసుకెళ్లాను. చేను ఆదెమ్మ అనే ఆవిడది, మొగుడు లేడు. కాశీ చేతులు జోడించాడు. ఎలకలు తినేదాంట్లో ఇదెంత బాబూ, ఈసారి దిగితే మజ్జిగ తాగి పో అని ఆవిడ నవ్వింది. నేను నవ్వలేదు. ఇంకెప్పుడూ తొక్కనని వాడిచేత అనిపించాను.

నవంబరు 9

మరీ గట్టిగా అన్నానేమో.

నవంబరు 19

కాశీ పోయాడు.

నవంబరు 27, ఉదయం

బసవపున్నయ్యగారు వచ్చారు. కాఫీ ముట్టలేదు. ఒంటరిగా ఎగురుతుంటే ఇంజను నిజంగానే ఆగిందట. ప్రాణం ముందు, పంట తరవాత అని వందసార్లు చెప్పానండీ, ఎదురుగా అంత చేను ఉండగా కాలవ గట్టు మీది తాడిచెట్ల వైపు ఎందుకు తిప్పాడో అంతుపట్టడం లేదండీ అన్నారు.

నాకు అంతుపట్టింది. చెప్పలేదు.

గాలి తోసిందేమో. కంగారులో చెయ్యి తప్పిందేమో. బి.ఏ.లో లాజిక్ చదివాను. ఇన్ని ఏమోలు పేర్చుకున్నా ఒక్కటీ నిలవడం లేదు.

డిసెంబరు 18

ఆదెమ్మ కొత్త బియ్యం మూట కట్టుకొని వెతుక్కుంటూ వచ్చింది. తిన్నగా నా చేలోకే వస్తున్నాడమ్మా, రా నాయనా రా అని అరిచాను, ఆఖర్న పక్కకి తిప్పేశాడు, ఒక్క గింజ రాలలేదు తల్లీ అని ఏడ్చింది. నేనూ ఏడవాల్సింది. ఎంత పండింది అని అడిగాను. ఏమిటో నేను.

ఆ బియ్యం వండలేదు. ఎవరికీ ఇవ్వలేదు.

1950 జనవరి 8, మంగళగిరి

మా వీధిలో మోకాలెత్తున పడుగు కట్టి ఉంది. చుట్టు తిరగలేదు. కుచ్చెళ్లు ఎత్తి పట్టుకొని దాటాను. ఒక పోగు తెగింది.

తిడతారని అక్కడే నిలబడ్డాను. పడుగు కట్టిన వెంకటప్పయ్యగారు నా మొహం చూసి, తెగిన పోగుకి ముడి వేసుకున్నారు.