ఎత్తిపోతల చూసి వచ్చాం

మాచవరం

అక్కా, అందరం బాగానే ఉన్నాం. ఫోనులో నీకు వినపడదని కార్డు రాస్తున్నాను. మా పిల్ల లహరి పోరు పడలేక ఆదివారం ఎత్తిపోతల జలపాతం చూడ్డానికి వెళ్లాం. తేలిక దారే అన్నారు గానీ, పులిహోర గిన్నెతో రాళ్లలో దిగేసరికి నా మోకాళ్లు పట్టేశాయి. అందరూ ఫొటోలు దిగుతుంటే మీ మరిది మాత్రం నీళ్లకేసి చూస్తూ నిలబడిపోయారు.

"ఏమే, ఇన్ని నీళ్లు ఊరికే పోతన్నయ్యి. కాలవ చివరన మన మిరపతోటకి ఒక్క తడి అందలా" అన్నారు. పులిహోర ముట్టలేదు. వచ్చేటప్పుడు రెండు సీసాలు నింపుకుంటే తాగడానికనుకున్నాను. ఇంటికి రాగానే చేలోకెళ్లి ఒక మొక్కకు పోశారు.

నీ నడుం నొప్పి తగ్గిందా? బావగారు ఇటొస్తే కాస్త చింతపండు పంపు. పిల్లలకు దీవెనలు.

పొద్దున చూశాను, తోటంతా వాడిపోయి ఉంది. ఆ ఒక్క మొక్కే తలెత్తింది.

నీ చెల్లెలు
సౌభాగ్యం